బండి కొనిపించేది బస్టాపే

సంపాదకుడు గారికి,
నమస్కారం.

హైదరాబాద్ నగరంలో ద్విచక్ర వాహనాలు ఇన్ని లక్షలయ్యాయన్న వార్త వచ్చిన ప్రతిసారీ దాని వెనకే ఒక వ్యాఖ్య వస్తుంది: జనానికి బద్ధకం పెరిగింది, బస్సెక్కడం నామోషీ అయింది అని. బస్సులకు టైమ్‌టేబుళ్లు వేయడం, డిపో గేటు దగ్గర సర్వీసులు పంపడం, స్టాపుల్లో నిలబడి ఎక్కేవాళ్లనీ దిగేవాళ్లనీ లెక్కపెట్టడం రిటైరయ్యేదాకా ఆర్టీసీలో మా వృత్తి. ఆ అనుభవంతో ఈ వ్యాఖ్యను మేం ఒప్పుకోలేకపోతున్నాం. ప్రయాణపు అలవాటు మోజు కొద్దీ మారదు. స్టాపులో నిలబడ్డ మనిషికి బస్సు ఎప్పుడొస్తుందో తెలియని స్థితి ఎన్నాళ్లు సాగితే అన్నాళ్లకు మారుతుంది. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో పాఠకుల ముందు ఉంచడానికే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అయింది, మన్నించాలి.

1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సర్వీసులు మొదలుపెట్టింది. ఆ తర్వాత నాలుగైదు దశాబ్దాలు మన పట్టణాల్లో రోజూ తిరగడమంటే నడక, సైకిల్, దూరమైతే బస్సు. సొంత సైకిల్ లేనివాళ్లకు గంటల లెక్కన కిరాయికిచ్చే దుకాణాలు ఉండేవి. కోస్తాలో వాటిని సైకిల్ టాక్సీ అనేవారు. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. సినిమా హాళ్ల దగ్గరా రైల్వే స్టేషన్ల దగ్గరా సైకిల్ స్టాండ్లు మెల్లగా బండ్ల స్టాండ్లయ్యాయి, చాలాచోట్ల బోర్డు మాత్రం మారలేదు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఉంది. దాని మీద తొక్కడానికి సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్తున్నారు. సైకిల్ వ్యాయామ సాధనంగా తిరిగి వచ్చిందే గానీ పనికి తీసుకెళ్లే వాహనంగా ఇంకా రాలేదు.

2011 జనాభా లెక్కల్లో పని చోటుకు ఎలా వెళ్తారన్న ప్రశ్న ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు పోను మిగతా పనులు చేసేవాళ్లు దేశంలో దాదాపు 20 కోట్లు. వాళ్లలో నడిచి వెళ్లేవాళ్లు సుమారు 4.5 కోట్లు, సైకిల్ మీద 2.6 కోట్లు, మోపెడ్, స్కూటర్, మోటార్ సైకిళ్ల మీద 2.5 కోట్లు, బస్సులో 2.3 కోట్లు. అప్పటికే బండి బస్సును దాటేసింది. అయితే ఈ లెక్కలో ఒక లోపం ఉంది. ఒక మనిషికి ఒకే సాధనం రాస్తారు. ఇంటి నుంచి స్టాపుకు పది నిమిషాల నడక, దిగాక షేర్ ఆటో, ఇవేవీ కాగితం మీదికి రావు. పని చోటు ప్రయాణమే అడుగుతారు కాబట్టి పిల్లాడిని బడిలో దింపి, కూరగాయలు కొని, మందుల షాపు మీదుగా ఇంటికొచ్చే తల్లి తిరుగుడు అసలు ప్రయాణమే కాదన్నట్టు ఉంటుంది. రోడ్లు, ఫ్లైఓవర్లు కట్టేవాళ్ల ముందు ఉండే అంకెలు ఇలాంటివే.

ఇక ఇంటి లెక్కకు వద్దాం. పని చోటు 12 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. రానూపోనూ 24. నెలకు 25 పనిదినాలైతే 600 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటర్‌కు 13.3 లీటర్లు పడుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 1,430 రూపాయలు. 2025 జూన్‌లో పెరిగిన తర్వాత హైదరాబాద్ సిటీ ఆర్డినరీ బస్ పాస్ ధర 1,400. అంటే పెట్రోలు ఖర్చూ పాసూ ఇంచుమించు సమానం. వెనక సీటు మీద ఇంకొకరు కూర్చుంటే బండి సగానికి సగం చౌక.

బండి ధర మాటేమిటంటారా? 80,000 అప్పు, 15 శాతం వడ్డీ, 36 నెలలైతే నెలకు 2,770 రూపాయల వాయిదా. బీమా, టైర్లు, ఇంజన్ ఆయిల్ వేరే. ఇవన్నీ కలిపితే బస్సే చౌక, అనుమానం లేదు. కానీ ఏ ఇంట్లోనూ ఈ లెక్క అలా వేయరు. బండి కొనేనాడు ఒక్కసారే ధర చూస్తారు. ఇంట్లోకి వచ్చాక అది ఉన్న వస్తువే. ఇవాళ బయటికి వెళ్లడానికి ఎంతవుతుందన్నది పెట్రోలు లెక్క మాత్రమే. వాయిదాలు తీరిన నెల నుంచి ఆ ఇల్లు బస్సుకు పూర్తిగా దూరమైనట్టే. మూడేళ్ల పాటు వాయిదా కట్టడానికి మనిషిని సిద్ధం చేసేది చార్జీ కాదు, స్టాపులో పోయిన సాయంత్రాలు.

కరెంటు స్కూటర్లు వచ్చాక ఈ పోటీ మరీ ఏకపక్షమైంది. 3 యూనిట్ల బ్యాటరీ మీద 90 నుంచి 100 కిలోమీటర్లు నడుస్తుంది. 600 కిలోమీటర్లకు చార్జర్ నష్టం కలుపుకుని 24 యూనిట్లు అనుకున్నా, యూనిట్ 8 రూపాయల లెక్కన 200 రూపాయల లోపే. ఏ ఆర్టీసీ అయినా 200కి నెల పాస్ ఇవ్వగలదా? చార్జీల మీద బస్సు ఇక గెలవలేదు. గెలవగల చోటు ఒక్కటే, ఎదురుచూపు తగ్గించడం. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

స్టాపులో నిలబడేవాళ్లందరూ అనే మాట ఒకటుంది: "అరగంట నుంచి ఒక్కటీ లేదు, వస్తే రెండూ ఒక్కసారే." చాలామంది దీన్ని డ్రైవర్ల మీదికి తోస్తారు, కబుర్లు చెప్పుకుంటూ కలిసి బయల్దేరారని. డ్రైవర్ల తప్పు కూడా అప్పుడప్పుడు ఉంటుంది. కానీ ఎవరూ తప్పు చేయకపోయినా బస్సులు జంటలు కడతాయి. ఎలాగో చూడండి.

పది నిమిషాలకో బస్సు ఉన్న రూట్‌లో ఒక స్టాపుకు నిమిషానికి ఇద్దరు చొప్పున జనం చేరుతున్నారనుకుందాం. బస్సు వచ్చేసరికి 20 మంది ఉంటారు. మెట్లెక్కడానికి ఒక్కొక్కరికి 3 సెకన్లు. బస్సు నిమిషం ఆగుతుంది. ఇప్పుడొక బస్సు ఏ సిగ్నల్ దగ్గరో 4 నిమిషాలు ఆలస్యమైంది. ముందు బస్సుకూ దీనికీ ఎడం 14 నిమిషాలు, స్టాపులో 28 మంది, 84 సెకన్లు ఆగాలి. ఇంకో 24 సెకన్లు వెనకబడింది. వెనక బస్సుకు ఎడం 6 నిమిషాలే, దానికి దొరికేది 12 మంది, 36 సెకన్లలో కదిలిపోతుంది. అది 24 సెకన్లు ముందుకొచ్చింది. ఒక్క స్టాపులోనే రెంటి మధ్య 48 సెకన్లు తరిగింది. తర్వాత స్టాపులో తరుగుదల ఇంకా ఎక్కువ, ఎందుకంటే ముందున్నదాని ఆలస్యం పెరిగేకొద్దీ దానికోసం కాచుకున్న జనమూ పెరుగుతారు. ఇదే లెక్క ముందుకు తీసుకెళ్తే ఆరో స్టాపు దాటేసరికి రెండూ ఒకదాని తోకన ఒకటి ఉంటాయి. ముందుది కిక్కిరిసి ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, వెనకది ఖాళీగా హారన్ కొడుతూ ఉంటుంది. డిపో చార్టులో మాత్రం గంటకు ఆరు బస్సులు నడిచినట్టే. కిలోమీటర్లు సరిపోయాయి, డీజిల్ సరిపోయింది, ట్రిప్పులు సరిపోయాయి.

ఎదురుచూపు ఎంతో కొలవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. కాలనీ సంక్షేమ సంఘం వాళ్లు ఒక నోట్‌బుక్, గడియారం పట్టుకుని రూట్ మధ్యలో ఉన్న స్టాపులో ఉదయం 8 నుంచి 10 దాకా కూర్చుంటే చాలు. మొదటి స్టాపులో కూర్చోవద్దు, అక్కడ అంతా సవ్యంగానే కనబడుతుంది. ఒక్కో బస్సు వచ్చిన టైమ్ రాయండి. వరుస బస్సుల మధ్య ఎడాలు నిమిషాల్లో తీయండి. ప్రతి ఎడాన్నీ దానితోనే హెచ్చవేసి అన్నిటినీ కూడండి. దాన్ని మొత్తం సమయానికి రెట్టింపుతో భాగించండి. వచ్చేదే సగటు ఎదురుచూపు. ఆరు బస్సులు సరిగ్గా పదేసి నిమిషాలకు వస్తే 600ను 120తో భాగించగా 5 నిమిషాలు. అవే ఆరు బస్సులు 2, 18, 2, 18, 2, 18గా వస్తే 984ను 120తో భాగించగా 8.2 నిమిషాలు. బస్సొక్కటీ తగ్గలేదు, ఎదురుచూపు మాత్రం అరవై శాతం పైగా పెరిగింది. పైగా మనిషికి గుర్తుండేది 8.2 కాదు, ఆ 18. పరీక్షకో షిఫ్టుకో అందాలంటే ఆ 18ని మనసులో పెట్టుకునే ఇంట్లోంచి బయల్దేరాలి.

దీనికి మందు కొత్త బస్సులు కొనడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఇంకో నాలుగు బస్సులు వేస్తే అవీ జంటలు కడతాయి. చేయాల్సింది టెర్మినల్ దగ్గర, రూట్ మధ్యలో ఒకటి రెండు చోట్ల ఎడం సరిచేయడం. తోకన వచ్చిన బస్సును కంట్రోలర్ మూడు నాలుగు నిమిషాలు ఆపాలి. ఆపితే లోపలున్నవాళ్లు అరుస్తారు, అది నిజం. అందుకే ఆపే చోటు ఎక్కువమంది దిగే స్టాపు అయి ఉండాలి, అప్పుడు లోపల ఉండే జనం తక్కువ. తిరుగు ప్రయాణం చార్టు టైమ్ ప్రకారం కాక ముందు బస్సు వెళ్లి ఎంతసేపయిందో చూసి పంపాలి. బాగా ఆలస్యమైన బస్సును చివరిదాకా పంపకుండా మధ్యలోనే వెనక్కి తిప్పడం కూడా ఒక పద్ధతే గానీ, వెనక బస్సు ఐదు నిమిషాల్లోపు ఉన్నప్పుడే. లేకపోతే చివరి కాలనీలవాళ్లకు గోరుచుట్టు మీద రోకలిపోటు.

చార్టులోనే ఒక జబ్బుంది. రన్నింగ్ టైమ్, అంటే ఈ చివర నుంచి ఆ చివరకు పట్టే సమయం, ఒక్కసారి నిర్ణయించి ఏళ్ల తరబడి అదే నడిపిస్తారు. 60 నిమిషాలని రాసిన ట్రిప్ సాయంత్రం 75 పడుతుంది. లేఓవర్, అంటే చివరి స్టాపులో తిరిగి బయల్దేరేముందు ఆగే విరామం, 5 నిమిషాలే ఇస్తే మొదటి ట్రిప్‌కే 10 నిమిషాలు అప్పు. మూడు ట్రిప్పులయ్యేసరికి అరగంట. డ్రైవర్, కండక్టర్ల డ్యూటీ గంటలు అయిపోతాయి కాబట్టి చివరి ట్రిప్ కట్ చేస్తారు. ఆ కోత ఎప్పుడూ ఒకే చోట పడుతుంది: పగటి షిఫ్టుకు మధ్యాహ్నం ఒకటీ రెండు మధ్య, రెండో షిఫ్టుకు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. బట్టల దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే ఆడవాళ్లు ఇంటికెళ్లే వేళ అదే. రెండుసార్లు ఆ బస్సు రాకపోతే మూడోరోజు ఇంట్లోవాళ్లు బండి వేసుకుని వస్తారు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఇంకో బండి కొనే మాట మొదలవుతుంది. రన్నింగ్ టైమ్‌ను ఉదయపు రద్దీకి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, సాయంత్రానికి ఒకటి వేరువేరుగా వేసి, లేఓవర్ అందులో పది పదిహేను శాతం ఉంచితే ఈ కోత చాలావరకు ఆగుతుంది. కాగితం మీద ట్రిప్పులు తగ్గినట్టు కనబడుతుంది. అది చూసి పై అధికారులు ఒప్పుకోరు. నిజానికి తగ్గేది కాగితం మీదే.

డిపోను కొలిచే కొలబద్దలు కూడా అలాగే ఉన్నాయి. కిలోమీటరుకు రాబడి, సీట్లు నిండిన శాతం, లీటరుకు కిలోమీటర్లు. మూడూ సంస్థకు కావాల్సినవే, కాదనం. కానీ కిక్కిరిసిన బస్సు వెనక ఖాళీ బస్సు నడిస్తే సగటున సీట్లు నిండిన శాతం బాగానే ఉంటుంది. స్టాపులో మనిషి ఎంతసేపు నిలబడ్డాడన్న అంకె ఏ డిపో మేనేజర్ సమీక్షలోనూ ఉండదు. అడగని అంకె ఎవరు బాగుచేస్తారు?

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న అలాంటిదే స్త్రీశక్తి మొదలైంది. వీటి మీద ఖర్చు గురించి, సీట్ల గొడవల గురించి చాలా రాశారు. రాయని సంగతి ఒకటుంది. మన బస్సుల్లో టికెట్ ఒక్కో బస్సుకు వేరు. రెండు బస్సులు మారితే కనీస చార్జీ రెండుసార్లు పడుతుంది. అందుకే నేరుగా వెళ్లే బస్సు కోసం జనం మూడు నాలుగు బస్సులు వదిలేసేవాళ్లు. చార్జీ లేని జీరో టికెట్ వచ్చాక ఆడవాళ్లు ఆ పని మానేశారు. దిక్కు సరిపోతే చాలు, వచ్చిన బస్సెక్కి ముందు కూడలిలో దిగి ఇంకోటి ఎక్కుతున్నారు. చార్జీ మిగలడంతో పాటు వాళ్ల ఎదురుచూపు కూడా తగ్గింది. బడి, బజారు, ఆసుపత్రి ఒకే తిరుగుడులో చుట్టివచ్చే ఆడవాళ్లకు ఇది పెద్ద మార్పు. వాళ్ల పక్కనే నిలబడ్డ మగవాళ్లు మాత్రం ఇప్పటికీ నేరుగా వెళ్లే బస్సు కోసం చూస్తున్నారు, లేదా బండి తీస్తున్నారు. ఇంతకాలం మొగుడి బండి మీద వెనక కూర్చుని వెళ్లిన ఇల్లాలు బస్సులోకి మారితే వెనక సీటు ఖాళీ అయింది తప్ప రోడ్డు మీద బండి తగ్గలేదు.

కాబట్టి మగవాళ్లకు ఉచితం అక్కర్లేదు, గడువు టికెట్ కావాలి. కొన్నప్పటి నుంచి 90 నిమిషాల్లో ఎన్ని బస్సులు మారినా అదే చెల్లేలా. టికెట్ మీద టైమ్ ఇప్పటికే ముద్రిస్తున్నారు, కండక్టర్ టికెట్లిచ్చే టిమ్ మిషన్‌లో ఆ టికెట్ రకం ఒకటి చేర్చడమే. 24 గంటలు ఎన్ని బస్సులైనా ఎక్కనిచ్చే టీ-24 టికెట్ ఉంది కదా అనొచ్చు. రోజంతా తిరిగేవాడికి అది లాభం; వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు మారేవాడికి ఎక్కువ. నెల పాస్ కూడా పాతకాలపు అలవాటుకు కుట్టిన చొక్కా. 25 రోజులు ఆఫీసుకెళ్లేవాడి కోసం ఆ ధర పెట్టారు. ఇప్పుడు వారానికి మూడు రోజులే ఆఫీసుకెళ్లే కుర్రాళ్లకు నెలకు పన్నెండు పదమూడు రోజులే పని పడుతుంది, మిగతా డబ్బు దండగ. నెలలో ఏవైనా పన్నెండు రోజులు చెల్లే పాస్ పెడితే వాళ్లలో కొందరైనా వస్తారు.

జీరో టికెట్‌తో వచ్చిన ఇబ్బంది ఒకటి చెప్పకపోతే తప్పు. కార్డు చూసి, ఎక్కడ దిగుతారో అడిగి, మిషన్ నొక్కి టికెట్ చించి ఇవ్వడానికి ఒక్కొక్కరికి ఏడెనిమిది సెకన్లు. ఒక స్టాపులో 30 మంది ఎక్కితే నాలుగు నిమిషాల పని. తర్వాత స్టేజీ (చార్జీ మారే స్టాపు) రెండు నిమిషాల దూరంలోనే ఉంటే కండక్టర్ అందరికీ టికెట్లు ఇవ్వలేక బస్సును పక్కకు ఆపిస్తాడు. తనిఖీ వస్తే కేసు అతని మీదే కదా. ఆ ఆగిన బస్సు పైన చెప్పిన జంట లెక్కలో మొదటి బస్సు అవుతుంది. రద్దీ వేళల్లో పెద్ద స్టాపుల్లో ఇంకో కండక్టర్ కింద నిలబడి బస్సు రాకముందే టికెట్లు ఇచ్చే గ్రౌండ్ బుకింగ్ ఆర్టీసీకి కొత్తేమీ కాదు. పండగలప్పుడు చేసేదే. దాన్ని ఉదయం రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు రోజూ చేయాలి. ఎక్కే తలుపు, దిగే తలుపు వేరుగా పాటించడం, మెట్ల ఎత్తు తగ్గించడం కూడా ఇందులోకే వస్తాయి. సిటీ బస్సుల ప్రమాణాల్లో లోఫ్లోర్ అంటే నేల నుంచి 400 మిల్లీమీటర్లు, సెమీ లోఫ్లోర్ 650, మామూలుది 900. మోకాళ్ల నొప్పులున్న మనిషి 900 ఎత్తుకు మెట్టు మెట్టుగా ఎక్కడానికి పట్టే సమయం ఆ స్టాపులో ఉన్నవాళ్లందరి సమయం.

నడక సంగతి. స్టాపు దాకా నడవలేకపోతే బస్సు ఎంత బాగా నడిచినా ఎక్కేవాడుండడు. నడిచేవాళ్లకు అడ్డు లేని జాగా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మన ఫుట్‌పాత్‌లు అడుగున్నర ఎత్తున కట్టి, ప్రతి గేటు దగ్గరా తెగ్గొట్టి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. ఎక్కి దిగి ఎక్కి దిగి విసుగెత్తిన మనిషి రోడ్డు మీదే నడుస్తాడు.

హైదరాబాద్‌లో కూడళ్ల సిగ్నళ్లు తీసి యూటర్న్‌లు పెట్టడం దీనికి తోడైంది. వాహనాలు ఆగకుండా పోతున్నాయి కాబట్టి మంచిదే అంటున్నారు. సిగ్నల్ ఉన్నప్పుడు నడిచేవాడికి ఏదో ఒక క్షణంలో రోడ్డు ఖాళీ దొరికేది. ఇప్పుడు దొరకదు. 20 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు నడకలో 17 సెకన్లు, పెద్దవాళ్లకు 25 పడుతుంది. అంత ఖాళీ ఉదయం తొమ్మిదికి ఎవరిస్తారు? బస్సుకూ అదే బాధ. ఎడమ అంచున స్టాపులో ఆగిన 12 మీటర్ల బస్సు 150 మీటర్ల దూరంలో ఉన్న యూటర్న్ అందుకోవాలంటే మూడు వరసలు కోసుకుంటూ కుడి చివరకు పోవాలి. అందుకే డ్రైవర్ స్టాపు దాకా రాకుండా రోడ్డు మధ్యలోనే ఆపుతాడు, జనం వాహనాల మధ్య పరుగెత్తుతారు. డ్రైవర్‌కు చలానా వేస్తే ఇది పోదు. స్టాపును యూటర్న్‌కు కనీసం 300 మీటర్ల ముందుకో, తిరిగిన తర్వాతికో మార్చాలి. బటన్ నొక్కితే ఆగే పెలికాన్ సిగ్నల్ ప్రతి స్టాపు జత దగ్గరా ఉండాలి.

మెట్రో గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 2017 నవంబరులో మొదలై మూడు మార్గాల్లో 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లకు పెరిగింది. అక్కడ జనం ఎందుకు నిలిచారంటే రైలు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద కనబడుతుంది, ఆ నిమిషాల్లోనే వస్తుంది. నాగోల్, మియాపూర్ చివరి స్టేషన్ల దగ్గర వరసలు కట్టిన బండ్లు చూస్తే అటువైపు కాలనీల నుంచి స్టేషన్ దాకా నమ్మదగిన చిన్న బస్సు లేదని అర్థమవుతుంది. 2003 ఆగస్టులో వచ్చిన లోకల్ రైలు ఎంఎంటీఎస్ అంతకన్నా చౌక. కానీ దూరప్రాంత రైళ్లు నడిచే పట్టాల మీదే దాన్నీ నడపడంతో ఏ రైలు ఆలస్యమైనా మొదట ఆపేది దాన్నే. టైమ్ చెప్పలేని రైలుకు టికెట్ ఎంత తక్కువైతే ఏం లాభం?

ఊళ్లలో ఈ లెక్క ఇంకో రూపంలో ఉంటుంది. రాత్రి ఊళ్లోనే నిద్రచేసి తెల్లవారుజామున బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు కాలేజీ పిల్లలకు, పాలు కూరగాయలు పట్నం తీసుకెళ్లేవాళ్లకు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు ఆధారం. మధ్యాహ్నపు ట్రిప్పులు ఖాళీగా తిరుగుతున్నాయని, కిలోమీటరుకు రాబడి లేదని సర్వీసు మొత్తం ఎత్తేస్తే ఆ ఉదయపు ట్రిప్ కూడా పోతుంది. ఉదయం బస్సులో వెళ్లలేనివాడు సాయంత్రం బస్సులో తిరిగి రాడు. కాబట్టి మిగిలిన ట్రిప్పుల రాబడీ పడిపోతుంది, ఆర్నెల్ల తర్వాత అవీ కట్ చేస్తారు. ఖాళీ వచ్చిన చోటికి షేర్ ఆటో వస్తుంది. ఆటో నిండితేనే కదులుతుంది, అందులోనూ ఎదురుచూడాలి. అయినా జనం దాన్నే ఎక్కుతారు. ఎందుకంటే కూర్చుని చూస్తారు, ఇంకా ఇద్దరు రావాలని కళ్లముందు కనబడుతుంది. బస్సు కోసం చెట్టుకింద నిలబడ్డవాడికి అది వస్తుందో రాదో కూడా తెలియదు. మధ్యాహ్నపు ట్రిప్పులు తీసేసినా పర్వాలేదు, నైట్ హాల్ట్, కాలేజీ విడిచే వేళ ట్రిప్, ఈ రెంటినీ ముట్టుకోకూడదు.

బస్సు ఎక్కడుందో ఫోన్‌లో చూపించే గమ్యం యాప్ 2023 ఆగస్టులో వచ్చింది. మంచి పనే. ఇలాంటి వ్యవస్థలన్నీ దెబ్బతినేది ఒకేచోట. యంత్రం బస్సులో ఉంటుంది, సర్వీసు నంబరు చార్టులో ఉంటుంది. తెల్లవారుజామున ఒక బస్సు చెడితే గేటు దగ్గర ఇంకో బస్సు ఇచ్చి పంపేస్తారు. కొత్త బస్సుకు ఆ సర్వీసును కంప్యూటర్‌లో జతచేయకపోతే తెర మీద డిపోలో నిలబడ్డ బస్సు కనబడుతుంది, రోడ్డు మీద వస్తున్న బస్సు కనబడదు. రెండుసార్లు అలా మోసపోయినవాడు యాప్ తీసేస్తాడు. గేటు దాటే ముందు జతచేయనిదే బస్సు కదలకూడదన్న నియమం ఒక్కటి పెడితే సగం సమస్య తీరుతుంది. అదే సమాచారంతో పైన చెప్పిన ఎడాల లెక్క కంప్యూటరే రూట్లవారీగా వేస్తుంది. నెలకోసారి దాన్ని స్టాపుల్లో అతికించడానికి అభ్యంతరం ఏముంటుందో మాకు తెలియదు.

కేంద్రం పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. వాటికి చార్టులు వేసే పని ముందుంది కాబట్టి ఒక హెచ్చరిక. డీజిల్ బస్సుల పాత చార్టులనే వీటికీ అంటించొద్దు. డీజిల్ బస్సు ట్యాంకు రాత్రి నింపితే రోజంతా నడుస్తుంది. ఎలక్ట్రిక్ బస్సు మధ్యలో చార్జింగ్‌కు రావాలి. ఆ విరామం మధ్యాహ్నం 11 నుంచి 4 మధ్య వంతులవారీగా పడేలా వేయకపోతే సాయంత్రం ఐదింటికి డిపోలో చార్జర్ల ముందు వరస కడతాయి, అప్పుడు స్టాపుల్లో ఎవరు వరస కడతారో వేరే చెప్పాలా. చార్జర్లు రూట్ చివర టెర్మినళ్లలో కొన్నయినా ఉంటే డిపోకు ఖాళీగా వచ్చిపోయే డెడ్ కిలోమీటర్లు మిగులుతాయి. కొత్త బస్సులన్నీ పెద్ద రోడ్ల మీదే తిప్పకుండా వాటివల్ల ఖాళీ అయ్యే పాత బస్సుల్లో పనికొచ్చేవాటిని కాలనీల నుంచి మెట్రో స్టేషన్ల దాకా, పది నిమిషాల ఎడంతో, ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా నడపాలి. పదకొండు దాకా అని మళ్లీ చెబుతున్నాం. తొమ్మిదిన్నరకు ఆపేస్తే మొత్తం శ్రమ వృథా.

ఇట్లు,
ఆర్టీసీ ట్రాఫిక్ విభాగం విశ్రాంత ఉద్యోగులు కొందరు,
సికింద్రాబాద్.